రామాగ్రీన్ తీగ

పాత వాల్వు రేడియో మూగబోతే అందరూ ముందు వాల్వునే, అంటే ట్రాన్సిస్టర్ల కంటే ముందు వాడిన ఆ గాజు గొట్టాన్నే, అనుమానిస్తారు. దాన్ని పీకి, ఊది, పంచె కొంగుతో తుడిచి మళ్లీ గుచ్చుతారు. చాలాసార్లు దొంగ దాని కిందే ఉంటాడు. వాల్వు కూర్చునే పీట ఉంటుందే, మెకానిక్కులు బేసు అంటారు, అదీ. తొమ్మిది చిల్లులు, ఒక్కో చిల్లులో ఒక్కో ఇత్తడి రేకు. వాల్వు కాలిని ఆ రేకు గట్టిగా పట్టుకున్నంతకాలం పాట వస్తుంది. పట్టు వదిలేస్తే గరగర వస్తుంది.

తెనాలిలో మా మామగారి రేడియో 1960ల నాటిది. కంపెనీ పేరు చెప్పను, ఈ కథలో ఆ కంపెనీ చేసిన పాపం ఏమీ లేదు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టి మరీ విన్న రేడియో అది. ఆ లైసెన్సు పుస్తకం ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది. ఇంటి పన్ను రసీదులు ఎక్కడున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు.

కొన్నేళ్లుగా ఆ రేడియో మొట్టికాయల మీద నడుస్తోంది. స్విచ్ వేయగానే డయల్ దీపం వెలుగుతుంది, స్టేషన్ ఎంత బాగా అందిందో చూపే మేజిక్ ఐ పచ్చగా విచ్చుకుంటుంది, విజయవాడ కేంద్రం రెండు ముక్కలు మాట్లాడి మూడోది మింగేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు లేచి కొట్టాలి. ఎక్కడ కొట్టాలన్న దాని మీద ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. మామగారిది ఎడమ పక్కన అరచేతి దెబ్బ. అత్తగారు వంటింట్లోంచి వస్తూ పప్పుగుత్తితో పైన రెండు తగిలిస్తారు. మా బావమరిది పిడికిలితో వెనక అట్ట మీద గుద్దుతాడు. పనమ్మాయి చీపురు తిరగేసి ఒక్కటిస్తే చాలు, మిగతా అందరి దెబ్బల కంటే ఎక్కువసేపు పలుకుతుంది. వార్తలు ఒక దెబ్బకే అయిపోతాయి. త్యాగరాజ కీర్తనకైతే చరణానికొకటి పడాలి.

అసలు జబ్బు ఈఎల్ 84 బేసులో. స్పీకర్ని మోగించే వాల్వు అది, సెట్టు మొత్తంలో అదే ఎక్కువ వేడెక్కుతుంది. దాన్ని లోపలి నుంచి వేడిచేసే తీగ, ఫిలమెంటు, ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 0.76 ఆంపియర్లు తాగుతుంది. అక్కడికి వేలెడు దూరం కూడా లేదు, ప్లేటు మీద 250 వోల్టుల దాకా ఉంటుంది. ఆ రెంటినీ విడదీసేది ఓ పాక్సలిన్ బిళ్ల, అంటే రెసిన్ పట్టించి గట్టిపరిచిన కాగితం. అరవై ఏళ్ల వేడి, దాని మీద దుమ్ము, ఆ దుమ్ముకు కృష్ణా కాలువల పక్కనున్న ఊరి తేమ. బిళ్ల మీద నల్లటి బొగ్గు చార పడుతుంది. ఒకసారి పడితే కరెంటుకు అదే దారి, చిటపటమంటూ ఇంకా మాడుస్తుంది. రేకులు వదులైతే సన్న సూదితో దగ్గరికి నొక్కి బతికించవచ్చు, కానీ బొగ్గైపోయిన బిళ్లకు వైద్యం లేదు. తీసేయాల్సిందే.

సంక్రాంతికి ముందు మామగారు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, పండక్కి నాకు బట్టలేమీ వద్దు. కోఠీలో తొమ్మిది కాళ్ల పింగాణీ బేసు దొరికితే పట్టుకురండి."

కోఠీ గుజరాతీ గల్లీలో మొదటి షాపు కుర్రాడు నాకు బ్లూటూత్ స్పీకర్ చూపించాడు. రెండో షాపువాడు టీవీ సాకెట్ చూపించి, తొమ్మిది కాళ్లెందుకంకుల్ అని జాలిపడ్డాడు. చివరికి ఓ పెద్దాయన అటక మీంచి డబ్బా దించాడు. ఈఎల్ 84 ఇంకా బతికి ఉన్నది ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ల పుణ్యమేనట. వాళ్ల యాంప్లిఫయర్లలో ఇప్పటికీ అదే వాల్వు, అందుకే దాని బేసులూ కొత్తవి వస్తున్నాయి. తెనాలిలో అన్నమాచార్య కీర్తన వినబడటానికి ఎక్కడో రాక్ సంగీతం కావలసి వచ్చింది.

భోగి నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆపరేషన్. మామగారు సర్వే డిపార్టుమెంటులో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు, పనిలో మహా నిక్కచ్చి. ప్లగ్గు పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో కరెంటు దాక్కుని ఉంటుందని రెసిస్టర్ పెట్టి దాన్ని దించేదాకా ఎవర్నీ చేయి పెట్టనివ్వలేదు. కొత్త పంచె కట్టిన అల్లుడి హోదాలో నాకు టార్చి పట్టుకునే పని ఇచ్చారు. కాస్త వాలితే "ఇటు, ఇటు" అనేవారు. అటు తిప్పితే "అటెందుకు" అనేవారు.

తీగలు విప్పే ముందు గుర్తులు పెట్టాలి. ఒకప్పుడు వాటికి రంగులుండేవి, ఇప్పుడన్నీ కలిసి బూడిదరంగులోకి వచ్చేశాయి. బావమరిది ఫోన్‌తో ఫొటో తీశాడు. సగం నా టార్చి వెలుగు, మిగతా సగం మామగారి బట్టతల పడ్డాయి. అప్పుడు అత్తగారు జాకెట్లకు వాడే దారాల డబ్బా తెచ్చారు. తీగకో దారం కట్టడం, బావమరిది కాగితం మీద రాసుకోవడం. రెండో నంబరు మిరపపండు రంగు. మూడు నెమలికంఠం. నాలుగు పసుపు. అయిదు రామాగ్రీన్. ఏడు వంగపండు. తొమ్మిది చిలకపచ్చ. కాళ్లను కిందివైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెట్టాలి, పైనుంచైతే ఎదురు. కొమ్ములు తిరిగిన మెకానిక్కులే అక్కడ బోల్తా పడుతుంటారు. మామగారు ఆ విషయం మాకు మూడు భాషల్లో చెప్పి, తప్పు లేకుండా పటం గీశారు. నల్ల సిరాతో.

రివెట్లు డ్రిల్లుతో తొలిచి పాత బేసు ఊడదీశారు. ఇనుప రజను లోపల పడకుండా కింద పాత తువ్వాలు పరిచారు. కొత్తది చిన్న బోల్టులతో బిగించారు. సోల్డరింగ్ చేస్తుంటే వేడికి రేకులు పక్కకు ఒరగకుండా అందులో ఓ చచ్చిపోయిన వాల్వు గుచ్చి ఉంచాలి. మామగారి దగ్గర అలాంటివి చెప్పుల డబ్బా నిండా ఉన్నాయి. "పారేయమని ఇన్నేళ్లూ సాధించావే, చూశావా!" అని అత్తగారి వైపు విజయగర్వంతో చూశారు. అత్తగారు మిగతా డబ్బా వైపు చూశారు.

సాయంత్రం స్విచ్ వేసే ఘట్టం. నేరుగా కరెంటిస్తే ఏమవుతుందోనని 100 వాట్ల బల్బు సిరీస్‌లో, అంటే కరెంటంతా దాని గుండానే సెట్టుకు వెళ్లేలా, పెట్టారు. ఆ బల్బు ఆ రోజు మమ్మల్ని కాపాడిన దేవుడు. మొదట అది మందంగా వెలిగింది. వాల్వుల్లో ఒక్కొక్కటే ఎర్రటి వెలుగు వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈఎల్ 84 మాత్రం చీకటిగా ఉంది. "వేడెక్కాలి, పెద్దది కదా" అన్నారు మామగారు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు నిదానంగా వేడెక్కి హైటెన్షన్, అంటే ఆ 250 వోల్టులు, వదలడం మొదలుపెట్టగానే, సెట్టులో వినిపించాల్సిన సంగీతమంతా బల్బులో కనిపించింది. గది దేదీప్యమానం.

"ఆర్పండి!" అని అందరం అందరికీ చెప్పాం. పనమ్మాయి వచ్చి ఆర్పింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "రామాగ్రీన్ తొమ్మిదిలో ఉందేమిటి?"

"తొమ్మిది ఆకుపచ్చే కదా?" అన్నారు మామగారు.

"తొమ్మిది చిలకపచ్చ. రామాగ్రీన్ అయిదు."

"రెండూ ఆకుపచ్చలేగా!"

రామాగ్రీన్ కట్టిన ఎర్తు తీగ వెళ్లి తొమ్మిదో కాలికి, అంటే హైటెన్షన్ అందుకోవాల్సిన స్క్రీన్ కాలికి, చిలకపచ్చ కట్టిన హైటెన్షన్ తీగ వెళ్లి అయిదో కాలికి, అంటే ఫిలమెంటు కాలికి చేరాయి. 250 వోల్టులు ఫిలమెంటు గుండా నేరుగా ఛాసిస్‌లోకి, అంటే సెట్టు ఇనుప చట్రంలోకి, దూకబోతే బల్బు అడ్డుపడింది. సాంకేతికంగా సంగతి ఇంతే. ఇంట్లో సంగతి అక్కడితో ఆగలేదు.

"పెళ్లిచూపులనాడు నేను కట్టుకున్న చీర రంగేమిటో చెప్పండి" అన్నారు అత్తగారు.

మామగారు కాసేపు ఛాసిస్ వైపు చూశారు. "ఆకుపచ్చ."

"వంగపండు."

నేను టార్చి ఆర్పేశాను. ఆ సమయంలో ఎవరి మొహం మీదా వెలుగు పడకపోవడమే మంచిదనిపించింది.

రెండు తీగలు మార్చడానికి పట్టిన సమయం తక్కువే, ఈసారి రంగులు అత్తగారు చెప్పారు, మామగారు అంటించారు. బల్బు వెలిగి, మందగించి, మందంగానే ఉండిపోయింది. విజయవాడ పలికింది. గరగర లేదు, చిటపట లేదు. ప్రాంతీయ వార్తలు మొదటి నుంచి చివరిదాకా వచ్చాయి. మధ్యలో బావమరిది అలవాటుకొద్దీ లేచి వెనక అట్ట మీద ఒక్కటి గుద్దబోతే మామగారు చేయి పట్టుకున్నారు. పనమ్మాయికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు, చీపురు అందుబాటులోనే ఉంచుకుంది.

అంతా బాగానే ఉంది కానీ, ఆ రామాగ్రీన్ దారం కనుమ నాడు కట్టుకోవలసిన చీర జాకెట్‌కు హెమ్మింగ్ కోసం దాచినదట. ఉన్న కాస్తా తీగలకు ముళ్లు వేయడంలో అయిపోయింది. మామగారు చొక్కా తొడుక్కుని స్వయంగా బజారుకు వెళ్లారు. పండగ రద్దీలో షాపులన్నీ తిరిగి, చెమటలు కక్కుతూ ఓ దారపుండ తెచ్చి చేతిలో పెట్టారు. అత్తగారు దాన్ని వీధి లైటు కిందకు తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది చిలకపచ్చ."

బావమరిది రేడియో వాల్యూం పెంచాడు.