బడి మైదానం ఖాళీ జాగా కాదు

నగర శివారులోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మైదానంలో ప్రభుత్వ కార్యాలయం కోసం గత వారం పునాది గుంతలు తీశారు. ఖోఖో స్తంభాన్ని పెకలించి ప్రహరీ పక్కన పడేశారు. మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల కోసం పిల్లలు సున్నంతో గీసుకున్న కబడ్డీ కోర్టు మీద ఇప్పుడు కంకర కుప్ప ఉంది.

కార్యాలయానికి వేరే స్థలం దొరకలేదని, అదీ ప్రజావసరమేనని అధికారులు అంటున్నారు. ప్రజావసరాన్ని ఎవరూ కాదనరు. ఆ అవసరం ప్రతిసారీ బడి గోడే దూకి వస్తుండటమే అభ్యంతరం. ఒకప్పుడు ఊరివాళ్లు బడికి వదిలిన పొలం చుట్టూ నగరం అల్లుకుపోయి, గజం ధర సామాన్యుడికి అందనంత పెరిగాక, శివార్లలో డబ్బు చెల్లించకుండా తీసుకోగల నేల పిల్లల మైదానం ఒక్కటే మిగిలింది. ఈరోజు ఒక మూలను కార్యాలయానికి ఇస్తే, ఇదే ఉత్తర్వును చూపి రేపు మరో మూలలో నీళ్ల ట్యాంకు కడతారు, ఆపై రోడ్డు వైపు దుకాణాలు లేపుతారు. అలా పోయిన స్థలం తిరిగి బడికి దక్కడం మేము చూడలేదు.

ఇది తెలియక చేస్తున్న తప్పు కాదు. పాఠశాలల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020లోనే ఆదేశించింది. ఆ ఆదేశాలను పట్టించుకోనందుకు 2022 మార్చిలో ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండు వారాల జైలుశిక్ష విధించి, వారు క్షమాపణ కోరాక సంక్షేమ వసతి గృహాల్లో సేవ చేయాలని దాన్ని సవరించింది. అంత జరిగాక కూడా మైదానం కనిపిస్తే కొలతల టేపు తీసే అలవాటు పోలేదు. విద్యాహక్కు చట్టం 2009 అనుబంధంలో తరగతి గదులు, మరుగుదొడ్లతో పాటు ఆటస్థలమూ ఉంది. దాన్ని తీసేయమని ఎవరూ చట్టాన్ని సవరించలేదు.

వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కావాలి. బంతి వెంట పరుగెత్తడానికి చుట్టూ ఇంకొంత జాగా ఉండాలి. గుంతలు పోగా ఆ పాఠశాలకు మిగిలిన పట్టీలో ఉదయం ప్రార్థనకు పిల్లలు వరుసల్లో నిలబడటమే కష్టం. వ్యాయామ ఉపాధ్యాయుడు జట్టును ఎక్కడ తయారు చేయాలి? 2023 ఆసియా అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచిన జ్యోతి యర్రాజిలోని సత్తాను మొదట గుర్తించింది విశాఖలో ఆమె చదివిన బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. పరుగెత్తే చోటు లేని బడిలో అలాంటి పిల్ల ఎవరి కంటా పడదు. ఉద్యోగాల్లో క్రీడా కోటాను రెండు నుంచి మూడు శాతానికి పెంచిన రాష్ట్రంలో, ఆ కోటా దాకా ఎదగాల్సిన పిల్లల కాళ్ల కింది నేలను లాగేయడం ఏ విధానం కిందికి వస్తుందో ప్రభుత్వం చెప్పాలి.

పోటీలు మొదలయ్యే లోపు ఆ గుంతలు పూడ్చి, స్తంభాన్ని తిరిగి పాతించి, మైదానాన్ని ప్రధానోపాధ్యాయుడికి అప్పగించాలి. ఫైలు మీద సంతకం చేసే ముందు ఒక్క సాయంత్రమైనా వచ్చి ఆ పిల్లల ఆట చూడని అధికారికి, వాళ్లను వెళ్లి రోడ్డు మీద ఆడుకోమనే హక్కు లేదు.