గోదావరి చేపల్ని కొలిచే మనిషిని ఆపండి

వానాకాలంలో మన చేపల శాస్త్రం బహు సులువు. చెరువుల్లో వదలడానికి సర్కారు చేపపిల్లల లారీ వస్తుంది. ఒక మగ్గులో ఎన్ని పట్టాయో లెక్కపెట్టి, మగ్గులతో గుణించి, ఫొటో దిగుతారు. 35-40 మిల్లీమీటర్లవి కుంటలకు, 80-100 మిల్లీమీటర్లవి రిజర్వాయర్లకు. వదిలినవన్నీ పెరిగినట్టే.

ఇంత చక్కని లెక్కను పాడుచేయడానికి కాళేశ్వరం దగ్గర, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కొలత పలకతో ఒక మత్స్య శాస్త్రవేత్త దిగుతాడు. ఆయనకు ఒక్క వల చాలదు. గిల్ నెట్ కన్ను ఎంతుంటే దానికి తగ్గ చేపే మొప్పల దగ్గర చిక్కుతుంది. చిన్నది జారిపోతుంది, పెద్దది తల దూర్చలేదు. ఒకే కన్నుతో వేసి, గోదావరి చేపలన్నీ ఒక ఈడువేనని రాసి ఇంటికి పోవచ్చు కదా! పోడు. సన్న కన్ను నుంచి పెద్ద కన్ను దాకా ముక్కలు కలిపి కట్టి రాత్రంతా ఉంచుతాడు. పొద్దున తీయడం ఆలస్యమైతే పీతలు, తాబేళ్లు ముందే పంచుకుంటాయి.

దొరికిన వాలుగను పులుసుకు పంపుతాడా? ముందు ఫొటో, కుళ్లకుండా నిలవ ఉంచే ఫార్మలిన్ మందులో రంగు పోతుంది గనుక. తర్వాత రెక్క ముక్క ఆల్కహాల్‌లోకి, ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ చెడుతుంది గనుక. ఆపైన ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు. చేప పెద్దదైతే పొట్ట కోయాలి, లేకుంటే మందు లోపలికి పోక పేగులు కుళ్లుతాయి. కోత కుడివైపే, ఎడమవైపు కొలతలకు ఉండాలి. ఓరుగల్లు వంటింటికి ఇంతకన్నా అవమానం ఉందా?

పైగా ప్రశ్నలు. బొచ్చె, రోహు వరద నీటి పారకంలోనే గుడ్లు పెడతాయి, నిలవ నీళ్లలో పెట్టవు. మరి బరాజ్ గేట్లు మూస్తే అవి ఎటు పోవాలంటాడు. చేప పైకి ఎక్కలేకపోతుందని 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లే కిందికి దిగాయి. ఇంకెంత సహకరించాలి?

అన్నిటికన్నా పెద్ద తప్పు, నీళ్లలో ఆక్సిజన్‌ను తెల్లవారుజామునే కొలవడం. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తానే వాడుకుంటుంది, కాబట్టి అప్పటికి అది అడుగంటుతుంది. మధ్యాహ్నం కొలిస్తే అంకె బాగుంటుంది, అధికారులూ మేలుకొని ఉంటారు. కొర్రమీనుకు ఈ గొడవ లేదు. ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, ఫిర్యాదు చేయదు. తెలంగాణ రాష్ట్ర చేప హోదా ఊరికే వచ్చిందా! రోహు కూడా ఆ పద్ధతి నేర్చుకునేదాకా పొద్దుటి కొలతలు నిలిపివేయాలని మనవి.