నిమ్మచెక్క గారికి ఒక వీపు తరఫున విన్నపం

మహారాజశ్రీ నిమ్మచెక్క గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి యోగక్షేమాలు గూడూరు, తెనాలి మార్కెట్ రేట్లలో చూసి తెలుసుకుంటూనే ఉన్నాం. ఏప్రిల్, మే నెలల్లో తమరి దర్జా చూస్తే మాకు దడ. అయినా గౌరవం తగ్గలేదు. చింతపండు లేని రోజు పులిహోరకు దిక్కు తమరే. కొత్త బండి కొంటే నాలుగు టైర్ల కింద నలిగేది తమరే. మిరపకాయలతో కలిసి షాపు గుమ్మానికి వేలాడుతూ ఊరి దిష్టంతా మోసేది, అమ్మవారి మెడలో దండగా ఉండేది, ఎండన పడి వచ్చినవాడికి ఉప్పూ పంచదారతో కలిసి ప్రాణం పోసేది కూడా తమరే. ఇన్ని డ్యూటీలుండగా వీపు మీద మొటిమల శాఖ కూడా తమరికే అప్పగించింది ఎవరు? ఆ ఆర్డరు కాపీ ఉంటే ఒకటి పంపగలరు.

ఈ అదనపు బాధ్యత ఎప్పుడు పడుతుందో చెబుతాను. పెళ్లిళ్ల సీజన్‌లో "వెనక మెడ ఎంత లోతు పెట్టమంటారమ్మా?" అని టైలర్ అడిగేదాకా చాలామంది ఆడవాళ్లకు తమకో వీపుందనే గుర్తుండదు. మగవాళ్లకు జిమ్‌లో స్లీవ్‌లెస్ వేసుకున్న రోజు గుర్తొస్తుంది. అద్దానికి వీపు తిప్పి, మెడ వంద కోణాల్లో మెలితిప్పి, ఫోన్‌తో ఫొటో తీసి చూసుకుంటే అక్కడ ఎర్రగా ఒక జిల్లా మ్యాప్. ముహూర్తం ఇంకో మూడు వారాలే. టెన్షన్. రాత్రి పదకొండింటికి యూట్యూబ్. అక్కడ తమరు ప్రత్యక్షం. సగానికి కోసిన చెక్క, దాని మీద పంచదార, వీపు మీద గుండ్రంగా రుద్దడం. "కొంచెం మంటగా ఉంటుందండీ, అంటే పని చేస్తోందన్నమాట" అని ఒక తియ్యటి గొంతు. మంటే వైద్యమైతే స్కిన్ డాక్టర్లంతా గుంటూరు మిర్చి యార్డులోనే క్లినిక్కులు తెరిచేవాళ్లు.

తమరి మంట ఎక్కణ్ణుంచి వస్తుందో తమరికి చెప్పేదేముంది. మన చర్మం పైపొర కాస్త పుల్లదే, పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) దాదాపు 5 దగ్గర ఉంటుంది. ఆ పులుపే దానికి కాపలా. తమరి రసం పీహెచ్ 2, ఆ చుట్టుపక్కల. చూడ్డానికి అంకెల్లో తేడా మూడే గానీ ఆ లెక్కలో ఒక్కో అంకెకు పది రెట్లు. అంటే చర్మానికి అలవాటైన పులుపు మీద దాదాపు వెయ్యి రెట్ల పులుపును, అదీ పంచదార పలుకులతో గీరి మరీ రుద్దుతున్నామన్నమాట. వాచి ఉన్న మొటిమను అలా గీరితే అది భయపడి పారిపోదు. లోపలే పగిలి పక్క రంధ్రాలకూ వాపు పంచుతుంది.

ఇంతటితో ఆగితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మన కాగితపు నిమ్మ జాతిలో ఫ్యూరోకూమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన మచ్చలూ, ఒక్కోసారి బొబ్బలూ వస్తాయి. అమెరికాలో ఎండలో కూర్చుని మార్గరీటాలోకి ఈ రకం నిమ్మకాయలు పిండేవాళ్ల చేతుల మీద ఇవి ఎంత మామూలంటే, ఆ జబ్బుకు ఆ పానీయం పేరే పెట్టుకున్నారు. తమరి తెలివి ఇంకో విషయంలో ఉంది. మచ్చ అప్పటికప్పుడు రాదు, ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. ఆదివారం తమరు పని కానిచ్చి చెత్తబుట్టలోకి తప్పుకుంటారు, మంగళవారం వీపు ఎర్రగా కమిలి, ఆ తర్వాత నల్లబడుతుంది, కేసు సోమవారం తిన్న వేరుశనగ పల్లీల మీద పడుతుంది. చామనఛాయ ఒళ్లకు ఇంకో కష్టం. మొటిమ వారం పది రోజుల్లో పోయినా అది వదిలిన నల్ల మచ్చ నెలల తరబడి అద్దెకుంటుంది. దాన్ని పోగొట్టడానికి మళ్లీ తమరినే పిలుస్తారు! ఇంత మంచి వ్యాపారం ఏ ఎంబీయే నేర్పించాడు మీకు?

ఒక్క తమరినే అంటే పక్షపాతం అవుతుంది. సున్నిపిండి గారి గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. భోగి నాడు, నరక చతుర్దశి నాడు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించాక ఆ జిడ్డు వదిలించడానికి పుట్టిన పెద్దమనిషి ఆయన. ఆ పనిలో ఆయనకు సాటి లేదు. నూనె లేని, మొటిమలున్న వీపు మీద రవ్వలా మరపట్టిన పిండిని బలంగా నలుగు పెట్టడం మాత్రం ఆయన కూడా ఒప్పుకోడు. పైగా కొన్ని ఇళ్లలో అందులో బావంచాలనే గింజలు కలుపుతారు. వాటిలో ఉండే సోరాలెన్ తమరి ఫ్యూరోకూమరిన్లకు దగ్గరి చుట్టమే. బొల్లి వైద్యంలో డాక్టర్లు ఆ సోరాలెన్‌ను కొలిచి ఇచ్చి, కాంతినీ కొలిచి పెడతారు. మన ఇంట్లో దానికి కొలత "ఇంకో గుప్పెడు వెయ్యి" అనేది. కాబట్టి సున్నిపిండి వాడేవాళ్లు బావంచాలు మానేసి, మెత్తగా జల్లించి, మజ్జిగంత పల్చగా కలిపి రుద్దకుండా కడిగేసుకుంటే చాలు.

అసలు వీపు కథ ముఖం కథ లాంటిది కాదు, అదే ఎవరూ చెప్పరు. మొటిమకు నూనె, మూసుకున్న రంధ్రం, అందులో బ్యాక్టీరియా, వాపు ఉంటే చాలు. వీపుకు వీటన్నిటినీ మనమే సప్లై చేస్తాం. తలకు పట్టించిన కొబ్బరినూనె రాత్రంతా మెడ దిగి దుప్పట్లోకీ, దుప్పట్లోంచి వీపుకీ వస్తుంది. రంధ్రాలు మూసే నూనెల్లో కొబ్బరినూనె ముందు వరసలోనే ఉంటుంది. తెల్లారి తలస్నానం చేస్తే కండిషనర్ కూడా అదే దారిన దిగుతుంది, ఎందుకంటే మనం ఒళ్లు ముందు రుద్దుకుని తల తర్వాత కడుక్కుంటాం. విశాఖలోనో విజయవాడలోనో ఆ ఉక్కలో పాలిస్టర్ టీషర్టు తడిసి ఒంటికి అంటుకుంటుంది, దాని మీద లాప్‌టాప్ బ్యాగు పట్టీలు రోజూ గంటల కొద్దీ రాసుకుంటాయి. జిమ్ కుర్రాళ్లలో కొందరు కండల కోసం వేయించుకునే ఇంజెక్షన్ల వల్ల కూడా వీపు నిండా మొటిమలు వస్తాయి, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పరు. ఇంతమంది నిందితులుండగా తమరు వచ్చి ఏ ఒక్కరినీ అడ్డుకోరు. తలస్నానం ముందు ముగించి జుట్టు ముడేసి వీపును చివర్లో కడుక్కోవడం, చెమట పట్టిన బట్ట వెంటనే మార్చడం, వదులుగా కాటన్ వేసుకోవడం, ఇవన్నీ తమరి కన్నా చవక. కానీ వీటితో వీడియో తీస్తే ఎవడు చూస్తాడు?

ఇంట్లోనే ఏదో ఒకటి కలిపి రాసుకోకపోతే మా వాళ్లకు తృప్తి ఉండదని నాకు తెలుసు. అందుకే తమరి పోస్టుకు నా సిఫార్సు ఓట్స్ గారు. అవును, ఆ రుచీ పచీ లేని మనిషే. ఏ ఫ్లేవరూ కలపని సాదా ఓట్స్ రెండు మూడు చెంచాలు మిక్సీలో మెత్తటి పొడి చెయ్యాలి. చెంచాడు పొడి గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడాలి, అడుక్కి దిగిపోతే ఇంకా తిప్పాలి. గోరువెచ్చటి నీళ్లతో జారుగా కలిపి, తడి వీపు మీద ఇంట్లో ఎవరిచేతనైనా మెల్లగా పూయించుకుని, ఐదు పది నిమిషాల్లో కడిగేసి, టవల్‌తో అద్దుకోవాలి. మంట ఉండదు, మెరుపు ఉండదు, చూసేవాళ్లకు ఆవలింతలొస్తాయి. ఇలా మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను చర్మానికి రక్షణగా పనికొచ్చే పదార్థంగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే గుర్తించింది. అది మొటిమలు పోగొడుతుందని నేనూ అనను, ఎఫ్‌డీఏ కూడా అనలేదు. దురదా, పొడిబారడమూ తగ్గి చర్మం కాస్త స్థిమితపడుతుంది, అంతే. వాచిన వీపుకు అదే పెద్ద ఉపకారం.

ఓట్స్ గారికి తోడు కావాలంటే కలబంద ఉంది. మట్ట కోశాక వాలుగా నిలబెట్టి, కారే పసుపుపచ్చటి జిగురు మొత్తం పోనివ్వాలి, దురద పుట్టించేది అదే. లోపలి తెల్ల గుజ్జు మాత్రం తీసి, ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసి, తర్వాత వీపుకు. మా అత్తగార్ల బ్యాచ్ ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంది. నెలకు సరిపడా చేసి హార్లిక్స్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. నీళ్లూ పిండీ కలిసిన ఏ ముద్దైనా ప్రిజర్వేటివ్ లేకపోతే దోసెల పిండిలాగే తన పని తాను మొదలెడుతుంది. దోసె పోస్తే బావుంటుంది గానీ మొటిమల మీద పోస్తే కొత్త పురుగుల్ని తెచ్చి పెట్టినట్టే. ఏ పూటది ఆ పూట కలుపుకుని మిగిలింది పారబొయ్యాలి. పారబొయ్యడం మన ఇళ్లలో ఎంత కష్టమో తమరికి తెలియనిది కాదు, ఎండిపోయిన తమరి తొక్కను కూడా గిన్నెలు తోమడానికి దాచేస్తాం.

ఇంక వంటింటికి చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. అసలు మొటిమను తగ్గించే బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ యాసిడ్ లాంటివి పోపుల పెట్టెలో దొరకవు, మెడికల్ షాపులో దొరుకుతాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ వీపుకు రాసి కొద్ది నిమిషాలుంచి కడిగేసుకున్నా పని చేస్తుంది. కాకపోతే రంగు టవళ్లనూ పట్టు జాకెట్లనూ అది తెల్లగా చేసేస్తుంది, పెళ్లివారు జాగ్రత్త. అన్నీ ఒకే సైజులో పుట్టి విపరీతంగా దురద పెడుతుంటే అవి మొటిమలే కాకపోవచ్చు. మలసీజియా అనే ఈస్టు వల్ల వచ్చే పొక్కులు అచ్చం అలాగే ఉంటాయి, వాటికి నూనె రాస్తే మేత వేసినట్టే. వాటి మందు వేరు. లోతుగా, నొప్పిగా గడ్డల్లా ఉన్నా, మానాక గుంటలు పడుతున్నా తమరితోనూ ఓట్స్‌తోనూ కాలక్షేపం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డాక్టర్ని తప్పించుకుని మందుల షాపులో "మొటిమల క్రీమ్ ఇవ్వు బాబూ" అని అడిగేవాళ్లకు ఒక్కోసారి స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పడుతుంది. దాంతో మొదట తగ్గినట్టే ఉండి తర్వాత కొత్త మొటిమలు మొలుస్తాయి. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని కట్టడి చేసింది. ఆ సంగతి కౌంటర్ మీది కుర్రాడికి గుర్తుండాలి మరి.

కావున తమరు దయచేసి వీపు శాఖకు రాజీనామా సమర్పించి, వెంటనే పప్పులోనూ మజ్జిగలోనూ డ్యూటీలో చేరవలసిందిగా కోరుతున్నాను. పెండింగ్‌లో ఉన్న మొటిమల ఫైళ్లు ఓట్స్ గారికి అప్పగించనవసరం లేదు, ఆయనకు అంత అధికారం ఇవ్వడం లేదు.

ఇట్లు,
లోతు మెడ జాకెట్టుకు కొలతలిచ్చిన ఒక వీపు తరఫున,
తమరి విధేయుడు.

తా.క.: ఈ ఉత్తరం తమరి జతగాడు వంటసోడా గారికి కూడా చూపించగలరు. ఆయన పీహెచ్ 8 పైన, చర్మానికి అటువైపు శత్రువు. తమరిద్దరూ కలిస్తే వచ్చే నురుగును చూసి మురికి వదులుతోందని జనం సంబరపడుతున్నారు. అది ఉత్త కార్బన్ డయాక్సైడ్. చిటికెడు సోడా, నాలుగు చుక్కల తమరి రసం, గ్లాసు చల్లటి నీళ్లలో అయితే మాకు అభ్యంతరం లేదు, ఎండాకాలం గదా. టూత్‌పేస్ట్ గారికి విడిగా రాస్తున్నాను.