జడ్జి మీ నోటుబుక్కు తాగడు

ఇంట్లో కాచిన బీర్ల పోటీ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ అదే గోల. జడ్జీలకు రుచే తెలియదట. తెలిసినవాళ్లకే పతకాలట. సీసా మీద పేరు ఉండదు, రబ్బరు బ్యాండుతో చుట్టిన కాగితం ఉంటుంది. ఆ కాగితం కూడా తీసేసి, నంబరు వేసి జడ్జీల ముందు పెడతారు. ఇక తెలిసినవాళ్ల బీరేదో వాళ్లకెలా తెలుస్తుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మన తీరు. మన అనే అంటున్నాను, ఎందుకంటే రెండేళ్ల క్రితం ఆ గోల పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

అప్పుడు నేను కాచింది ఐరిష్ స్టౌట్, అంటే వేయించిన గింజలతో కాచే నల్లటి బీరు. కనీసం రెసిపీ దానిదే. తొలి గ్రావిటీ (పులియకముందు ద్రావణంలో చక్కెర ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.042 వస్తుందని రాసుకుంటే, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి చక్కెర ఎక్కువ దిగి 1.054 వచ్చింది. పులియడం అయ్యాక ఆల్కహాల్ 5.6 శాతం తేలింది. సంబరపడ్డాను కూడా. పోటీ ఫారంలో మాత్రం నోటుబుక్కులో పైన ఉన్న పేరే ఎక్కించాను. 50కి 27 వచ్చాయి. 'బాగా కాచారు, కానీ ఈ శైలికి బరువెక్కువ' అని ఇద్దరు జడ్జీలూ రాశారు. వారం రోజులు తిట్టుకున్నాను. తర్వాత బీరు జడ్జీలకు పరీక్షలు పెట్టే బీజేసీపీ అనే సంస్థ వేసిన శైలుల పుస్తకం తెరిచి చూస్తే అందులో ఐరిష్ స్టౌట్ తొలి గ్రావిటీ 1.036 నుంచి 1.044 వరకే. దాని కిందే ఐరిష్ ఎక్‌స్ట్రా స్టౌట్ ఉంది, 1.052 నుంచి 1.062. మిగిలిన సీసాలను మరో పోటీకి ఆ పేరుతో పంపాను. 36 వచ్చాయి. బీరు అదే, కాచిన రోజూ అదే.

అందుకే నా అభిప్రాయం ఇది: ఏ శైలిలో పంపాలన్నది కాచేటప్పుడు కాదు, తాగాక తేల్చుకోవాలి. మీరు ఏం కాయాలనుకున్నారో జడ్జికి అనవసరం. గ్లాసులో ఉన్నదీ పుస్తకంలో ఉన్నదీ కలుస్తున్నాయా అన్నదే అతను చూస్తాడు. ఇది సృజనను చంపేస్తుందని కొందరు వాదిస్తారు. సృజన ఇంటికి వచ్చిన అతిథులకు చూపించండి, ఎవరు వద్దన్నారు? పోటీకి వెళ్లేటప్పుడు అక్కడి కొలత ఒప్పుకునే కదా రుసుము కడుతున్నాం.

ఆ కొలతనైనా చదివినవాళ్లు ఎంతమంది? స్కోరు షీటులో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగే అభిప్రాయానికి 10. రూపానికి మూడే! ఆ మూడింటి కోసం బీరును అద్దంలా తేర్చడానికి నెలరోజులు తపస్సు చేసి, ఈలోగా హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసనంతా పోగొట్టుకునేవాళ్లను చూశాను. పన్నెండు వదిలి మూడు వెనక పరుగన్నమాట.

ఇక సీసాల్లో నింపడం. ఓటమి ఎక్కువగా జరిగేది ఇక్కడే. కెగ్ (బీరు నిల్వ ఉంచే లోహపు పీపా) నుంచి సీసాలోకి వదిలేటప్పుడు గాలి చొరబడితే ఆ రోజు ఏమీ తెలియదు. మూడు వారాల తర్వాత జడ్జి మూత తీసేసరికి తడిసిన అట్టపెట్టె వాసన. మీరు ఇంట్లో తాజాగా తాగి మురిసిపోయిన బీరు అది కాదు, రవాణాలో వేడికి వాడిపోయిన దాని బంధువు. నురుగు పైకి పొంగుతుండగానే దాని మీద మూత బిగించండి, పైన గాలికి చోటు మిగలదు. హాప్స్ ఎక్కువున్నవాటిని గడువుకు వీలైనంత దగ్గరలో నింపండి. పచ్చ సీసా, తెల్ల సీసా వద్దు. వెలుతురు తగిలితే హాప్స్ కంపు కొడతాయి.

వెన్న వాసన ఉందేమోనని అనుమానమా? రెండు గ్లాసుల్లో కొంచెం బీరు తీసుకుని మూత పెట్టండి. ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండోదాంతో పోల్చి వాసన చూడండి. వేడిచేసినదాంట్లో వెన్న తగిలితే ఈస్ట్ పని ఇంకా పూర్తికాలేదు, నింపకండి. ఇంత చిన్న పరీక్ష చేయకుండా జడ్జి మీద విరుచుకుపడటం నాకు నచ్చదు.

అలాగని జడ్జీలంతా దేవుళ్లని కాదు. 'బాగుంది, ఇంకొంచెం మాల్ట్ కావాలి' అని ఒక ముక్క రాసి 31 వేసిన షీటు నా దగ్గరుంది. ఎక్కడ తగ్గిందో, ఎందుకు తగ్గిందో లేదు. మనం రుసుము కట్టేది ఆ వివరణ కోసమే, పతకం ఎలాగూ నూటికి తొంభైమందికి రాదు. గొడవ పడాలంటే ఖాళీ గళ్ల మీద పడదాం, అంకెల మీద కాదు.

ప్రస్తుతం ఫ్రిజ్‌లో ఏల్ అనే రకం ఎర్రటి బీరు ఒకటి ఉంది. నోటుబుక్కులో దాని పేరు ఐరిష్ రెడ్ ఏల్. నాకైతే చేదు ఎక్కువైందనిపిస్తోంది. శనివారం ముగ్గురికి పేరు చెప్పకుండా పోసి, ఇదేమిటో చెప్పమంటాను. ఫారం అప్పటిదాకా ఖాళీ.