తడి ట్రాక్ మీద మద్దెల ఓడే

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. సరే, ఆ అన్నవాళ్లలో ఒక్కరైనా మద్దెలని తనిఖీ చేశారా? ఆడే మనిషి వాదన విన్నారా? తరతరాలుగా ఒకవైపు మాటే చెల్లుబాటవుతోంది. వాన పడిన రోజున ట్రాక్ డేకి వెళ్లి, గ్యారేజీ గుమ్మం దాటని మోటార్‌సైకిల్ వీరుల తరఫున ఈ వ్యాసం రాస్తున్నాను. మా మద్దెల నిజంగానే ఓడు. ఆధారాలున్నాయి.

ట్రాక్ డే అంటే రేసు కాదు. రేసులు జరిగే ట్రాక్ మీద మన బండి మనమే నడుపుకోవడానికి డబ్బు కడతాం. అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, పదిహేను ఇరవై నిమిషాల సెషన్ల చొప్పున వదులుతారు. కప్పులూ పతకాలూ ఉండవు. నేను సంతకం పెట్టిన కాగితంలో, వాన పడితే డబ్బు వాపసు రాదన్న ముక్క చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం మాత్రం పెద్దగానే పెట్టాను.

ఎండగా ఉన్నంతసేపూ మేమంతా మామూలు మనుషులమే. మొదటి చినుకు పడగానే శాస్త్రవేత్తలమైపోయాం. పొద్దున నన్ను "టైర్లలో గాలి ఎంత పెట్టాలి అన్నా?" అని అడిగిన కుర్రాడు ఫోన్‌లో మేఘాల మ్యాప్ తెరిచి, ఇది ఇంకో పదకొండు నిమిషాల్లో వెళ్లిపోతుందని తేల్చేశాడు. ఆ పదకొండు నిమిషాలు మధ్యాహ్నం రెండింటి దాకా నడిచాయి.

ఈలోగా మేం ఊరికే కూర్చోలేదు. శాస్త్రీయంగా కూర్చున్నాం. వాన మొదలైన కొత్తలో తారు మీది నూనె, దుమ్ము పైకి తేలతాయి. అప్పుడే ఎక్కువ జారుతుంది. కాబట్టి గట్టిగా కురిసి, అదంతా కొట్టుకుపోయేదాకా ఆగాలి. గట్టిగా కురిస్తే నీళ్లు నిలుస్తాయి, కాబట్టి తగ్గేదాకా ఆగాలి. తగ్గాక ట్రాక్ మచ్చలు మచ్చలుగా ఆరుతుంది, ఎక్కడ తడో ఎక్కడ పొడో తెలియదు, అది మరీ ప్రమాదం. కాబట్టి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఇందులో తప్పుందని ఎవరైనా రుజువు చేయమనండి. ఇలా పద్ధతిగా ఆగినవాళ్లకి సాయంత్రానికి ట్రాక్ ఆరింది, సెషన్లు అయిపోయాయి.

మా పక్క గ్యారేజీ ఆయనకి ఈ ఓపిక లేదు. వానకోసం ప్రత్యేకంగా వెట్ టైర్లు తెచ్చుకున్నాడు. మెత్తటి రబ్బరు, నీళ్లు బయటికి తోసే లోతైన గాళ్లు. చక్రాలు విప్పి అవి బిగించేసరికి వాన ఆగింది. వెట్ టైర్లు పొడి తారు మీద వేడెక్కి పాడైపోతాయి, అందుకని మళ్లీ విప్పాడు. విప్పగానే చినుకులు. అలా మూడుసార్లు. నాలుగోసారి స్పానర్ కింద పెట్టి ఆకాశం వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

లెక్కలు చెప్పే స్నేహితుడు ఒకడు మనకి ఎప్పుడూ ఉంటాడు. మలుపులో తిరగగల వేగం టైరు పట్టుకి వర్గమూలం చొప్పున మారుతుందని, పట్టు సగానికి పడిపోయినా వేగం 30 శాతం తగ్గిస్తే సరిపోతుందని నాకు చెప్పాడు. అడగలేదు, అయినా చెప్పాడు. నేను 70 శాతం తగ్గించాను. ఆ పై 40 శాతం నా సొంత విరాళం.

రేసింగ్ లైన్ సంగతి కూడా తేల్చాలి. మలుపులో ఏ దారిన వెళ్లాలో ఇన్‌స్ట్రక్టర్ పొద్దున్నుంచీ నూరిపోశాడు. వాన పడగానే ఆయనే వచ్చి, ఆ దారిన వెళ్లొద్దన్నాడు. అన్ని టైర్లూ అక్కడే రాసుకుని రబ్బరు పట్టి నున్నగా ఉంటుంది, తడిస్తే జారుతుంది, కాస్త పక్కనుంచి పోవాలిట. కర్బుల మీది, అంటే ట్రాక్ అంచు గట్ల మీది, రంగు జోలికి అసలు పోకూడదట. నేను పొద్దున్నుంచీ ఆ లైన్ మీద ఒక్కసారీ లేను. అప్పుడు తప్పన్నారు. అది ముందుచూపని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?

ప్రపంచ చాంపియన్లేం చేశారో చూద్దాం. 2018 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీద నీళ్లు నిలిచిపోతే మోటార్‌సైకిల్ రేసుల్లో అన్నిటికన్నా పై మెట్టైన మోటోజీపీ రేసునే రద్దు చేశారు. వాళ్లే వద్దనుకున్న పని నేనెందుకు చేయాలి? 2016లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో, ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్ అయిన వాలెంటినో రోసీ వానలో ముందుండి జారిపడ్డాడు. అదే రేసులో జాక్ మిల్లర్ తన మొదటి మోటోజీపీ గెలుపు అందుకున్నాడు. మా వర్గం ఈ ఉదాహరణలో మొదటి సగమే వాడుకుంటుంది. పైగా రేసు మధ్యలో వాతావరణం మారితే వాళ్లకి ఎక్కడానికి రెండో బండి సిద్ధంగా ఉంటుంది. 2006లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో మొదటిసారి అలా బళ్లు మార్చుకున్నారు. నాకు రెండో బండి ఎక్కడిది? మొదటిదానికే ఇంట్లో ఇంకా సంజాయిషీ చెప్పుకుంటున్నాను.

అయితే నేను అసలు బయటికే వెళ్లలేదని అనుకోకండి. ఒక్క సెషన్ వెళ్లాను, కుర్రాడు చూస్తున్నాడని. రైన్ మోడ్ పెట్టాను. వందల గుర్రాల శక్తి అని చెప్పి అమ్మిన బండిలో కొన్ని గుర్రాలని లాయంలోనే కట్టేసే బటన్ అది. వెనక చక్రం జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, బ్రేకేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. రెండో మలుపుకే హెల్మెట్ అద్దం నా ఊపిరికి మసకబారింది. కాస్త తెరిస్తే చినుకులు కళ్లలో సూదుల్లా గుచ్చుకున్నాయి, మూస్తే మళ్లీ మసక. ఊపిరి బిగబట్టి మలుపు తిరిగి, స్ట్రెయిట్ మీద వదిలాను. బూట్లలోకి నీళ్లు దిగాయి. లెదర్ సూట్ నీళ్లు తాగి నాకంటే బరువెక్కింది.

మూడో ల్యాప్‌లో ఎడమ పక్కనుంచి చిన్న ఇంజన్ చప్పుడు. అరవై ఏళ్లు దాటిన పెద్దాయన, నా బండిలో మూడో వంతు శక్తి కూడా లేని బండి మీద, బండిని నిటారుగా ఉంచి తను మాత్రం ఒంగి, తొందరేమీ లేనట్టు బయటివైపు నుంచి నన్ను దాటి వెళ్లాడు. అదే ల్యాప్ చివర పిట్‌లోకి, అంటే గ్యారేజీల వైపుకి, తిప్పేశాను.

మేకపోతు గాంభీర్యంతో హెల్మెట్ తీశాను. కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఎలా ఉందన్నా?"

"టైర్లు," అన్నాను.

గౌరవంగా తలూపాడు.

పెద్దాయన వచ్చి బండి స్టాండ్ వేసి, గ్లవ్స్ పిండుకుంటూ అటు వెళ్లాక ఊరికే ఆయన టైర్ల వైపు చూశాను. నావి లాంటివే. అదే కంపెనీ, అదే రకం, రోడ్డు మీద వాడేవే. కాకపోతే ఆయనవి సగం అరిగి ఉన్నాయి, నావి నిన్ననే వేయించినవి.

కొత్త టైర్ల మీది నునుపు పోవాలంటే కొంత దూరం జాగ్రత్తగా తిప్పాలి. ఇది కంపెనీవాళ్లే చెప్పే మాట. నావి ఇంకా తిరగలేదు.