సవరణ: కాశీనగర్ పొలాల నడక, చిన్న రైలు మార్గం

ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ పరిసరాల్లో ఒక ఊరి నుంచి పక్క ఊరికి పొలాల మీదుగా సాగే నడకను వివరించిన మునుపటి వ్యాసంలో, వరి కోతలయ్యాక మడులకు అడ్డంపడి నేరుగా వెళ్ళవచ్చనీ, దారి తెలియకపోతే వాడుకలో లేని చిన్న రైలు పట్టాల వెంట పోవచ్చనీ ఉంది. ఈ రెండు మాటలనూ సవరిస్తున్నాము.

1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు వేసి, తర్వాత గుణుపురం దాకా పొడిగించిన ఆ నేరోగేజి (పట్టాల మధ్య వెడల్పు తక్కువగా ఉండే) మార్గం 2011 నాటికి పూర్తిగా బ్రాడ్‌గేజిగా, అంటే వెడల్పు పట్టాల మార్గంగా, మారింది. దానిమీద రైళ్ళు తిరుగుతున్నాయి. పట్టాల వెంట నడవడం ప్రాణాపాయమే కాక, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. పిల్లలతో వెళ్ళేవారు దీన్ని తప్పక గమనించాలి.

ఇక మడుల సంగతి. కోతకు కొద్ది రోజుల ముందే, నేలలో తడి ఆరకముందు, చాలామంది రైతులు నిలిచి ఉన్న వరిచేలోనే మినుములు, పెసలు చల్లుతారు. కాబట్టి కోసిన మడి ఖాళీగా కనిపించినా, వంగి చూస్తే మోళ్ళ మధ్య రెండేసి ఆకుల మొలకలు ఉంటాయి. వాటిని తొక్కితే పోయేది ఆ రైతు రెండో పంట. అందుచేత ఎంత చుట్టయినా బండిదారినే, అది లేనిచోట గట్టుమీదే, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. నేల చదునుగా ఉన్నందున పెద్దవాళ్ళకు కూడా ఈ నడక సులువేనని ఆ వ్యాసంలో అన్న మాటలో మార్పు లేదు. వానాకాలంలో మాత్రం గట్లు జారుతాయి.