దొంగలు పడ్డాక మొరిగే చిప్

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనవాళ్ళు వెటకారం చేస్తారు. ఆ కుక్కల తరఫున ఈ రోజు నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఆలస్యంగా మొరగడం లోపం కాదు, గట్టి ఇంజనీరింగ్ సిద్ధాంతం. మన కంప్యూటర్ల జోరులో దానికీ వాటా ఉంది.

ప్రాసెసర్ మన ఆదేశాలను వరసలో చేయదు. ఏది సిద్ధంగా ఉంటే దాన్ని ముందు కానిచ్చేస్తుంది. చివర్లో మాత్రం అన్నీ వరసగానే చేసినట్టు బుద్ధిగా లెక్క రాస్తుంది. ఈ లెక్క రాసే ఘట్టం పేరు రిటైర్మెంట్. మధ్యలో ఏ ఆదేశమైనా తప్పు చేస్తే ఎక్సెప్షన్‌ను, అంటే తప్పు జరిగిందన్న కేకను, వెంటనే లేవనెత్తదు, ఆ ఆదేశం రిటైరయ్యేదాకా పక్కన పెడుతుంది. (రిటైరయ్యేదాకా విచారణ వాయిదా వేయడం చిప్ సొంతంగా కనిపెట్టిన పద్ధతేమీ కాదనుకుంటాను.)

నవ్వకండి, దీనికి కారణం ఉంది. ప్రోగ్రాం ఏ దారిన వెళ్తుందో ముందే ఊహించి పని మొదలెట్టే చిప్, ఆ ఊహ తప్పి, అసలు నడవకూడని దారిలో నాలుగడుగులు వేసిందనుకోండి. ఆ దారిలో జరిగిన తప్పుకు ప్రోగ్రాంను శిక్షిస్తే అన్యాయం. 1967 నాటి ఐబీఎం సిస్టం/360 మోడల్ 91కి ఈ వరస లెక్క లేదు. కొన్ని రకాల తప్పులు జరిగితే 'ఈ చుట్టుపక్కల ఎక్కడో ఏదో అయింది' అన్నంతవరకే చెప్పగలిగేది.

శిక్ష ఆలస్యం కావడం న్యాయమే. మరి ఈలోగా చదివేసిన సరుకు సంగతి?

2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే చిప్ లోపం పేరుతో బయటపడింది ఇదే. ఆపరేటింగ్ సిస్టం గుండెకాయను కెర్నెల్ అంటారు, మెమరీలో ఒక ముక్కను పేజీ అంటారు. కెర్నెల్ పేజీ మీద 'మామూలు ప్రోగ్రాంలకు ప్రవేశం లేదు' అని చెప్పే బిట్ ఒకటి ఉంటుంది. చిప్ దాన్ని చూస్తుంది. చూసి, 'తమరికి అనుమతి లేదు, అది తర్వాత మాట్లాడుకుందాం, ఈలోగా ఇదిగో మీరడిగిన బైటు' అని చేతిలో పెడుతుంది. దొంగ, అంటే దాడి చేసే ప్రోగ్రాం, ముందే బైటుకు ఉండగల విలువకొకటి చొప్పున 256 పేజీలు పరుచుకుని కూర్చున్నాడు. బైటు విలువ 83 అయితే 83వ నంబరు పేజీని ఒక్కసారి తాకుతాడు. అంతలో వంతు వచ్చి ఎక్సెప్షన్ మోగుతుంది. చిప్ రిజిస్టర్లను (విలువలు పెట్టుకునే లోపలి అరలను) వెనక్కి తిప్పేసి, ఏమీ జరగనట్టు చేతులు దులుపుకుంటుంది. ఈమధ్య తాకిన మెమరీ కాపీలను త్వరగా అందించేందుకు దగ్గర ఉంచుకునే క్యాష్‌ను మాత్రం తుడవదు. దొంగ 256 పేజీలనూ ఒక్కొక్కటిగా చదివి టైం చూసుకుంటాడు. చటుక్కున వచ్చేది ఒక్కటే: 83. పేరే క్యాష్ అయినా దానికో తాళం వేయాలని ఎవరికీ తోచలేదు.

ఎక్సెప్షన్ వస్తే ప్రోగ్రాం చచ్చిపోదా అంటారేమో. మామూలుగా చస్తుంది. ఈ దొంగ మాత్రం సిగ్నల్ హ్యాండ్లర్ (ఎక్సెప్షన్ వస్తే చావకుండా దూకే కోడ్) రాసుకుని మరీ వచ్చాడు. పట్టుబడతాడు, హ్యాండ్లర్‌లోకి దూకుతాడు, తర్వాతి బైటుకు బయల్దేరతాడు. ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్‌ను ఇంత శ్రద్ధగా చేసిన ప్రోగ్రాంను నేను ఎక్కడా చూడలేదు.

1995 నుంచి వచ్చిన ఇంటెల్ చిప్‌లలో చాలావాటికి ఈ ప్రమాదం ఉండొచ్చని పరిశోధకులు తేల్చారు. అంటే 20 ఏళ్ళు దాటింది. ఆరు నెలలకే మొరిగిన కుక్కలు ఎంత చురుకైనవో ఇప్పుడు తెలుస్తోంది. ఏఎండీ చిప్‌లు ఈ దాడికి దొరకలేదు. అవి ముందే మొరిగాయనుకునేరు, అదేం లేదు. అనుమతి లేదని తేలితే సరుకు చేతికివ్వలేదు, అంతే. ఎంత మొరటుతనం!

కాపలావాణ్ణి మార్చడం కుదరదు, వాడు సిలికాన్‌లో ఉన్నాడు. అందుకని ఆపరేటింగ్ సిస్టం వాళ్ళు ఇంటినే దాచేశారు. మామూలు ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ కెర్నెల్ పేజీలు దాదాపు ఏవీ దాని కంట పడవు. ప్రోగ్రాం కెర్నెల్‌ను పని అడిగే సిస్టం కాల్ వచ్చిన ప్రతిసారీ, ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజీ టేబుల్ మార్చాలి, వెళ్ళేటప్పుడు మళ్ళీ మార్చాలి. వాయిదాలతో మిగుల్చుకున్న నానోసెకన్లు ఇలా వడ్డీతో సహా కట్టించుకున్నాయి.

విచారణాధికారి (కెర్నెల్ సొంత హ్యాండ్లర్) కష్టాలు వేరు. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల ఎక్స్86 రకంలో పేజీ అందని తప్పును పేజీ ఫాల్ట్ అంటారు, దాని నంబరు 14. దొంగకూ అదే నంబరు, డిస్క్ నుంచి ఇంకా రాని పేజీని అడిగిన అమాయకుడికీ అదే. హ్యాండ్లర్‌కు రోజంతా అమాయకులతోనే సరిపోతుంది. ఆ హ్యాండ్లర్‌ను పిలవబోతేనే ఇంకో ఫాల్ట్ వచ్చిందా, అది డబుల్ ఫాల్ట్, నంబరు 8. దాన్ని విచారించబోతే మరొకటి వస్తే ట్రిపుల్ ఫాల్ట్. దీనికి నంబరు కూడా లేదు. మెషీన్ రీసెట్, కేసు కొట్టివేత.

ఇప్పుడు చిప్‌లు డిజైన్ చేసే ఆర్మ్ కంపెనీ వాళ్ళ మెమరీ ట్యాగింగ్ వచ్చింది. ప్రతి 16 బైట్లకూ 4 బిట్ల ట్యాగ్. పాయింటర్‌లోని (మెమరీ చిరునామా పట్టుకునే విలువలోని) ట్యాగ్ దానితో కలవకపోతే తప్పు. సింక్ పద్ధతిలో అక్కడికక్కడే ఆపేస్తుంది, కాస్త నెమ్మది. అసింక్ పద్ధతిలో తప్పు జరిగిందని ఒక రిజిస్టర్‌లో గుర్తు పెట్టుకుని పని కానిచ్చేస్తుంది, తర్వాత తీరిగ్గా చెబుతుంది. ఏ చిరునామాలో అని అడిగితే మాత్రం అది రాసుకోలేదంటుంది. మోడల్ 91 ఆత్మకు శాంతి కలిగే ఉంటుంది.

ఇక నా సంగతి. నిన్న రాసిన చిన్న ప్రోగ్రాం పొరపాటున నల్ పాయింటర్‌ను, అంటే దేన్నీ చూపించని పాయింటర్‌ను, ముట్టుకుంది. వాయిదా లేదు, బైటు చేతికి రాలేదు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక్క ముక్క చెప్పి అక్కడే ప్రాణం తీశారు. తప్పు నాదే. హ్యాండ్లర్ రాసుకుని వెళ్ళాల్సింది.